దేవుని సాలు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను.

ఎకరం సీడ్ పత్తి. అందులో ఆడ మొక్కలు యాభై రెండు సాళ్లు, సాలుకు యాభై ఎనిమిది చొప్పున మూడు వేల పదహారు. క్రాసింగ్ చేసిన పొద్దుటిపూటలు అరవై. ఏరి, ఎండబెట్టి, సంచులకెత్తిన పత్తి పద్నాలుగు సంచులు. సంచికి నలభై కిలోల లెక్కన ఐదు వందల అరవై. ఇదంతా ఒక్క కాగితంతో పోయింది. డబ్బు సంగతి ఇక్కడ రాయను. అది తర్వాత మూడు పంటల్లో తీరిపోయింది, తీరినదాన్ని మళ్లీ రాసే అలవాటు నాకు లేదు.

తీరనిది ఒకటుంది. నా భార్య పొద్దున పూట చేలో పని చేస్తూ "గోవిందా" అనేది. పూటకు నూట ఇరవై సార్లు అనేది. ఆ మాట పోయింది.

నూట ఇరవై అని అంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, సీడ్ పత్తి పని గురించి కొంచెం చెప్పాలి. మా గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో ఈ పని తెలియని ఇల్లుండదు. బయటివాళ్లకు తెలియకపోవచ్చు. పత్తి పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. కంపెనీకి విత్తనం కోసం పండించే సీడ్ పత్తిలో దాన్ని అట్లా కట్టుకోనివ్వకూడదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే గుర్తుపట్టి, రేకులనూ పుప్పొడినీ గోటితో గిల్లేసి, ఎర్ర దారం కట్టి వదలాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి ఆ గిల్లిన మొగ్గలకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక్క మగ పువ్వు ఐదు మొగ్గలకు వస్తుంది. గిల్లకుండా మిగిలిపోయి తనంతట తాను విచ్చుకున్న పువ్వు కనబడితే తెంపి పారేయాలి. లేకపోతే దాని కాయ మంచి విత్తనంలో కలిసిపోతుంది.

నా భార్య ఒడిలోంచి కొత్త మగ పువ్వు తీసినప్పుడల్లా "గోవిందా" అనేది. పెద్దగా కాదు, అట్లని గుసగుసగా కూడా కాదు. పక్క సాలులో ఉన్న మనిషికి వినబడేంత. గాలి నా వైపు ఉంటే నాకు గట్టు మీదికి వినబడేది. ఒక గోవింద అంటే ఐదు పూలు. నూట ఇరవై అంటే ఆరు వందలు. ఆమె సాలులోకి నేను దిగి చూడాల్సిన పని ఉండేది కాదు. నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని వింటూ గీతలు గీసేవాణ్ణి.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. వంకర పొలాన్ని తాడుతో మూడు మూలల ముక్కలుగా చేసి కొలవడం, మందు డబ్బా మీద రాసింది చూసి ట్యాంకుకు ఎన్ని మూతలు పోయాలో చెప్పడం, ఇట్లాంటివి. చుట్టుపక్కల వాళ్లు ఇందుకోసం నా దగ్గరికి వస్తారు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది మాత్రం ఏ మూల నుంచి తాడు వేసినా నాకు కొలతకు రాలేదు. కాబట్టి ఆ పొలం జోలికి పోలేదు. నా భార్య అందులోనే కాపురం ఉండేది. శనివారం ఒక్కపొద్దు, గూట్లో దీపం, చేలో గోవింద. ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు.

కూలీల గుంపుకు పెద్ద ఒకామె ఉండేది. వనపర్తి పక్క ఊరి నుంచి ఏటా ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. వాళ్లు యేసును కొలిచేవాళ్లు. ఆమెకూ నా భార్యకూ వదినె వరస కలిసింది. సాళ్లలో పనికంటే వాళ్ల మాటలే ముందు నడిచేవి.

"ఏం వదినె, పువ్వు పువ్వుకు పిలుస్తున్నవు, మీ దేవునికి జర చెముడా?"

"చెముడు కాదు వదినె. పిలిచేటోళ్లు చానమంది. నా గొంతు గుర్తుండాలె గద."

"మా దేవుడైతే ఒక్కపారి పిలిస్తే సాలు."

"ఒక్కపారికే ఇనపడితే మరి ఆదివారం ఆ మైకు ఎందుకే?"

సాళ్లన్నీ నవ్వేవి. ఆ పెద్దామె కూడా నవ్వి, తన పువ్వు తీసుకుని "ప్రభువా, ఈమెను నువ్వే చూసుకో" అనేది.

చేలో మొదటి సాలును నా భార్య ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రాజోలి దగ్గర వాళ్ల పుట్టింట్లో ఉన్న పద్ధతి అది. ఆ సాలులో మొగ్గ గిల్లరు, పువ్వు రుద్దరు. కాసిన కాయ కాసినట్టు. ఆ పత్తిని విత్తనానికి ఇవ్వరు. గింజలు తీసేసి, ఆ దూదితో ఏడాది పొడుగునా దీపానికి వత్తులు చేసుకుంటారు. దేవుని సాలు అంటారు. మేం సీడ్ పత్తి మొదలుపెట్టిన ఏడు, యాభై ఎనిమిది మొక్కలు ఊరికే పోతున్నాయని నేను గులిగాను.

"అన్ని పూలల్ల మనమే వేలు పెడితే ఇంక ఆయనకేం పని?" అంది ఆమె.

ఒక ఏడు నేను కూర్చుని కాయలు లెక్కపెట్టాను. మా చేయి పడిన సాలులో మొక్కకు నలభై ఒకటి. దేవుని సాలులో మొక్కకు యాభై మూడు. చెబితే ఆమె నవ్వి, "చూసినవా, మనకన్న పనోడు" అంది. పత్తి పువ్వుకు గిల్లుడు బాధ లేకపోతే కాయ ఎక్కువే నిలుస్తుందని నాకు తెలుసు. అప్పుడు ఆ మాట అనలేదు. ఆ నవ్వు ముందు అనబుద్ధి కాలేదు.

ఆ రోజే అడిగాను, ఎందుకు నమ్ముతావని. ఎగతాళికి కాదు, నిజంగానే. ఆమె చేతిలో పువ్వు ఆపలేదు.

"నేను పువ్వుకు పువ్వు రుద్ది ఇడ్సిపెడ్త. అది కాయ అయితదో రాలుతదో నాలుగు దినాల దాక తెల్వదు. ఆ నాలుగు దినాలు నేను చేసేటిది ఏం లేదు. నడుమ ఎవరో ఒకరు ఉండాలె గద. లేకపోతే నాకు పరేషానైతది."

ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఒప్పుకోవడానికీ దొరకలేదు. నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను.

ఇక ఆ పంట. పూత జోరు మీద ఉన్నప్పుడు ఆరు రోజులు ముసురు పట్టింది. పిందె రాలింది. నేను తిండి సరిగా తినలేదు. పొద్దుకు నాలుగు సార్లు చేనికి పోయి రాలిన పిందెలు లెక్కపెట్టి వచ్చేవాణ్ణి. చివరికి పత్తి పద్నాలుగు సంచులైంది. సంచుల మూతులు దబ్బనంతో కుట్టింది నా భార్యే. మేం కంపెనీకి పంపాం. జిన్నింగ్ మిల్లులో దూది నుంచి గింజ వేరైంది, విత్తనం పరీక్షకు పోయింది.

ఎండాకాలం నడిమధ్య ఒక మిట్టమధ్యాహ్నం, కంపెనీకి రైతుకూ మధ్య తిరిగే ఆర్గనైజరు బండి మీద వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండానే కాగితం చేతికిచ్చాడు.

"అన్నా, ఫెయిలొచ్చింది. నూరు గింజలు నాటితే తొంభై అసలైనవి రావాలె, ఎనభై నాలుగే వచ్చినయి. పదహారు వేరే."

"ఎట్లొస్తయి పదహారు?"

"క్రాసింగ్ కాని పత్తి కలిసింది. ఇంకెట్లొస్తయి?"

నా భార్య ఆయనకు నీళ్లు తెచ్చి నిలబడి వింటోంది. దాపరికం లేని మనిషి. అడగకముందే అంది.

"దేవుని సాలు పత్తి లెక్కకొస్తదా? సంచికొక ఒడి నేనే ఏసిన, కుట్టేటప్పుడు. ఈయన పరేషాన్ చూడలేక. దేవుని పత్తి లోపలుంటే ఆయనే కాపలా ఉంటడనుకున్న."

ఏడాది వత్తులకని దాచుకున్న దూది అది. గింజ తీయకుండా, నా కోసం, పద్నాలుగు సంచుల్లో వేసింది. ఇప్పుడు రాస్తుంటే ఇట్లా కనిపిస్తోంది. ఆ మధ్యాహ్నం ఇట్లా కనిపించలేదు.

"నీ దేవుడు పద్నాలుగు సంచులు మింగిండు," అన్నాను. "ఇంక నోరు మూయి. ఆ పేరు నా చేన్ల ఇనపడొద్దు."

ఆర్గనైజరు తన బండి చక్రం వైపు చూశాడు. ఆమె ఆయన తాగిన గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

పద్నాలుగు సంచులు, పద్నాలుగు ఒడుల పత్తి. లెక్కను నేను అక్కడికే ఆపాను. ఒక ఒడిలో ఎంత పత్తి పడుతుందని నన్ను నేను అడగలేదు. సగంలో ఆపిన లెక్క నా జన్మలో అదొక్కటే.

మరుసటి పంటకు మొదటి సాలులో మొదటి మొగ్గను ఆమే గిల్లింది. నేను చూస్తుండగానే. తర్వాత ఎర్ర దారం కట్టి రెండో మొగ్గకు పోయింది. గూట్లో దీపం లేదు. శనివారం రెండు పూటలా అన్నం తింది. ఏడుపు లేదు, అలక లేదు, వంట మానలేదు, మాట మానలేదు. కూలీలతో నవ్వుతూనే ఉంది. కానీ మగ పువ్వు తీసినప్పుడు పెదవి కదిలేది కాదు. పెద్దామె మొదటి రోజు, "ఏం వదినె, మీ దేవునికి చెముడు పోయిందా?" అంది. నా భార్య, "ఆఁ, బాగైంది" అంది. ఆ పెద్దామె నా మొహం చూసి మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నాకు పని కష్టమైంది. ఆమె ఎన్ని పూలు చేసిందో తెలియాలంటే సాలులోకి దిగి దారాలు లెక్కపెట్టాలి. దిగి లెక్కపెట్టేవాణ్ణి. ఆరు వందలే ఉండేవి, ఎప్పటిలాగే. పూలు తగ్గలేదు. గట్టు మీద కూర్చుంటే మాత్రం చేను ఖాళీగా ఉన్నట్టుండేది. ఏడుగురు మాట్లాడుకుంటున్నా ఖాళీగానే ఉండేది. గాలి నా వైపు తిరిగినప్పుడల్లా పెన్ను కాగితానికి ఆనించి కూర్చునేవాణ్ణి. నమ్మేవాడు దేవుని కోసం ఎట్లా ఎదురుచూస్తాడో నాకు తెలియదు. నేను ఎదురుచూసింది నమ్మే మనిషి గొంతు కోసం.

చేయగలిగింది చేశాను. తప్పయిందని అనడం తప్ప మిగిలినవన్నీ చేశాను. ఒక ఏడు జాతరకు తీసుకుపోయాను. గుట్ట కింద ఆగిపోయి, "నువ్వు పోయిరా, చెప్పులు నేను చూస్త" అంది. నేనొక్కణ్ణే ఎక్కాను. రెండు వందల పన్నెండు మెట్లు. పైన వరసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి ఏమడగాలో తెలియలేదు. వెనకాయన తోశాడు. కిందికి వచ్చేసరికి ఆమె రెండు జతల చెప్పులూ ఒడిలో పెట్టుకుని, పక్కనామెతో మిరప నారు గురించి మాట్లాడుతోంది.

ఇంకో ఏడు చేలో నేనే పువ్వు పట్టుకుని "గోవిందా" అన్నాను. నా గొంతులో అది సంతలో అరిచినట్టు వచ్చింది.

"ఏందన్నా, ఇంటామె నౌకరి నువ్వు జేస్తున్నవా?" అంది పెద్దామె. కూలీలు నవ్వారు. నా భార్య తలెత్తలేదు.

అట్లా తొమ్మిది పంటలు.

పోయిన ఎండాకాలం నాగర్‌కర్నూల్ దగ్గర మా చుట్టాలింట్లో అన్నదమ్ములు పొలం పంచుకుంటున్నారు. కొలవడానికి నన్ను రమ్మన్నారు. వాళ్ల పొలం ఇంతకుముందు ఒకసారి కొలిచిందే. ఆ తాడు కొలతలున్న పాత నోటుబుక్కు వెతికి సంచిలో వేసుకున్నాను. బస్సులో పేజీలు తిప్పుతుంటే ఆ ఫెయిలైన పంట పేజీ వచ్చింది. నా రాతే. "ముసురు. ఆరు దినాలు. కూలీలు సగం. విచ్చిన పూలు తెంపలేదు, వదిలేయమన్న." దాని కింద, పత్తి ఏరేటప్పుడు రాసింది: "దారం లేని కాయలు చాన ఉన్నవి. వానకు దారాలు జారినట్టున్నవి. అన్నీ ఏరమన్న."

దారాలు జారలేదు. ఆ కాయలకు దారమే కట్టలేదు. ముసురులో తమంతట తాము విచ్చుకున్న పూలు అవి. తెంపమనాల్సింది నేను, వదిలేయమన్నాను. వేరు చేయమనాల్సింది నేను, ఏరమన్నాను. అరవై రోజుల్లో ఆరు రోజులంటే నూటికి పది. పూత జోరుగా ఉన్న రోజులు గనుక ఇంకో మూడు, మూడున్నర కలుస్తుంది. అప్పటికి బస్సు ఇంకా ఊరు దాటలేదు.

కొలత పని అయ్యాక, ఆ చుట్టాలింట్లో ధర రాలేదని ఆపుకున్న పత్తి కుప్ప ఉంటే, ఇంటామెను ఒడి నింపుకుని రమ్మన్నాను.

"ఏం కొలతన్నా ఇది, పొలం కొలవనీకొచ్చి కొంగు కొలుస్తున్నవు?" అని నవ్వుతూనే పట్టుకొచ్చింది. కాటా మీద పోస్తే కిలో. మళ్లీ నింపమన్నాను. మళ్లీ కిలోనే, యాభై గ్రాములు అటూ ఇటూ.

పద్నాలుగు ఒడులు, పద్నాలుగు కిలోలు. ఐదు వందల అరవైలో నూటికి రెండున్నర. తప్పిన పదహారులో ఆమె దేవునిది రెండున్నర. మిగిలిన పదమూడున్నర నాది. ఆమె ఒక్క పోగు కలపకపోయినా ఆ పత్తి ఫెయిలయ్యేదే.

తిరిగి వస్తూ వనపర్తి బస్టాండులో గద్వాల బస్సులు రెండు వచ్చిపోయినా లేవలేకపోయాను. మూడోది ఎక్కాను.

బస్సు ఎక్కినంత సులువుగా కూడా ఆ లెక్క ఆమెకు చెప్పలేకపోయాను. మూడు నెలలు పట్టింది. ఈ పదో పంటకు మొదటి మొగ్గ గిల్లే మధ్యాహ్నం, కూలీలు రాకముందు ఆమెను చేనికి తీసుకుపోయి, సాలు మొదట్లో నిలబడి నోటుబుక్కు తెరిచి చదివాను. రోజులు, ఒడులు, కిలోలు, నూటికి ఇంత, అంతా. ఆమె చివరిదాకా విన్నది.

"అంటే నాది రెండున్నర ఉన్నట్టేగా," అంది.

"ఉంది. కాని నాది పదమూడున్నర."

"నీది నీకు. నాది నాకు. రెండున్నర లేదనకు." నోటుబుక్కు తనే మూసి, "ఇది చెప్పనీకె తొమ్మిదేండ్లు పట్టిందా? లెక్కల మొగడు!" అంది.

"నా మాటకు నువ్వు ఆయన్ను ఇడ్సిపెట్టినవు గద."

అప్పుడు నా వైపు చూసింది, పొరపాటున ఇంకెవరి భర్తతోనో మాట్లాడుతున్నట్టు.

"ఎవరు ఇడ్సిపెట్టిన్రు? ఆయన పేరెత్తితే నీకు సంచులు గుర్తుకొస్తయని ఊకున్న. నీ మొహం అట్లయితుంటే నేనెట్ల పిలవాలె?"

"మరి దీపం?"

"ఆయన దూది సంచులల్ల పోసుకొని, దుకాణంల కొన్న వత్తి పెట్టమంటవా?"

"మరి ఇన్నేండ్లు లోపల అనుకుంటున్నవా?"

"లోపల అన్నదానికి గూడ లెక్క కావాల్నా నీకు?"

నాకు నవ్వు రాలేదు. అంతకాలం నేను పోయిందనుకున్నది ఆమె దగ్గర పోలేదు. నా చెవులకే పోయింది. నా మొహం చూసి, నా కోసమే, తన దేవుణ్ణి నోట్లోనే పెట్టుకుని తొమ్మిదేళ్లు పని చేసింది.

కూలీలు వచ్చారు. పెద్దామె అలవాటుగా మొదటి సాలులో వంగింది. "అది వద్దు," అన్నాను. "రెండో సాలు నుంచి గిల్లండి."

"ఎవరు ఇడ్సమన్నరు?" అంది నా భార్య.

"నేనే."

"భయపడకు. ఈసారి పత్తి సంచులల్ల ఏయను," అని రెండో సాలులోకి పోయింది. పెద్దామె ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ప్రభువా" అని మాత్రం అంది.

ఈ రోజుకు క్రాసింగ్ మొదలై పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు ఏమీ వినబడలేదు. నాలుగో రోజు పొద్దున గాలి నా వైపు ఉంది. గొంతు సవరించుకున్నట్టు ఒకటి వినిపించింది. నేను తిరిగి చూడలేదు, చూస్తే ఆగిపోతుందేమోనని. గీత గీసుకున్నాను. ఏడో రోజు ఇంకొకటి. నిన్న ఒకటి, కొంచెం స్పష్టంగా. తొమ్మిదేళ్లు మూసుకున్న నోరు ఒక్కసారి తెరుచుకోదు. తొందరపెట్టే హక్కు నాకు లేదు.

ఈ పంట లెక్క ఇంకా మూయలేదు గనుక కలపడం లేదు. వచ్చినవి పాతవాటికి జమ. తొమ్మిది పంటలు, పంటకు అరవై పూటలు, పూటకు నూట ఇరవై. అరవై నాలుగు వేల ఎనిమిది వందలు. ఇవి ఆమె నాకు బాకీ కాదు. నోరు మూయమన్నది నేను గనుక నేనే బాకీ. ఆమెకా, ఆమె దేవునికా అన్నది తేల్చుకోలేకపోయాను. ఉన్నాడో లేడో తెలియనివాడికి కూడా మనిషి బాకీ పడతాడని ఏ లెక్కలోనూ నేర్చుకోలేదు. మూడు తీసేస్తే, ఈ పొద్దుటికి అరవై నాలుగు వేల ఏడు వందల తొంభై ఏడు.